పాఠం బాగా వంటబట్టిన పిల్లలు: తూర్పు జర్మనీ బడుల్లో పుట్టిన ప్రశ్న

1949 అక్టోబరు 7న పుట్టి, 1990 అక్టోబరు 3న పశ్చిమ జర్మనీలో కలిసిపోయిన తూర్పు జర్మనీ ఆయుష్షు నలభై ఒక్క ఏళ్ళకు నాలుగు రోజులు తక్కువ. చివరి దశాబ్దాల్లో జనాభా కోటీ అరవై, కోటీ డెబ్బై లక్షల మధ్య ఉండేది. ఆ దేశంలో నిరుద్యోగం అన్న మాట వినపడేది కాదు. ఇంటి అద్దె జీతంలో చిన్న ముక్క. పొద్దున్నే రొట్టెల దుకాణంలో కొనుక్కునే చిన్న గుండ్రటి రొట్టె ధర ఐదు ఫెనిగ్‌లు. ఆ ధర దశాబ్దాల తరబడి కదల్లేదు. తూర్పు బెర్లిన్‌లో ట్రాము టికెట్టు ఇరవై ఫెనిగ్‌లు. పసిపిల్లలకు శిశుగృహం, ఆ తర్వాత కిండర్‌గార్టెన్, ఆ తర్వాత బడి, బడి అయ్యాక పని. రేపు ఏమవుతుందో అన్న బెంగ తల్లిదండ్రులకు పెద్దగా ఉండేది కాదు. ఏమవుతుందో ముందే నిర్ణయమై ఉండేది కనుక.

ఈ భద్రత బూటకం కాదు. దాన్ని బూటకమని కొట్టిపారేసిన పశ్చిమ దేశాల రాతల వల్ల ఆ సమాజం ఎలా నిలబడిందో అర్థం కాకుండా పోయింది. అక్కడ పెరిగినవారిలో చాలామంది తమ బాల్యాన్ని నేటికీ ఇష్టంగానే తలుచుకుంటారు. అయితే ఆ భద్రతకు ఒక షరతు ఉంది. ఆ షరతు మొదట తెలిసివచ్చేది బడిలోనే.

ఒకటో తరగతిలో చేరిన పిల్ల కొద్ది నెలల్లోనే బాల పయనీరు అయ్యేది. మెడకు నీలం రుమాలు. 1973 నుంచి నాలుగో తరగతి మొదలు పిల్లలకు ఎర్ర రుమాలు వచ్చింది. పద్నాలుగో ఏట స్వేచ్ఛా జర్మన్ యువజన సంఘంలో సభ్యత్వం, నీలం చొక్కా. అదే ఏడాది చర్చిలో జరిగే దృఢీకరణ సంస్కారానికి పోటీగా ప్రభుత్వం 1950ల నడుమ ప్రవేశపెట్టిన యువ దీక్ష. వేదిక మీద నిలబడి సోషలిస్టు రాజ్యానికి విధేయంగా ఉంటామని ప్రమాణం చేస్తే పువ్వులు, పుస్తకం, ఇంటి దగ్గర బంధువులతో విందు, కానుకలు. వీటిలో ఏదీ చట్టప్రకారం తప్పనిసరి కాదు. చేరని పిల్లవాణ్ణి ఎవరూ జైల్లో పెట్టలేదు. పదో తరగతి దాటి ఆబిటూర్ పరీక్షకు, అంటే విశ్వవిద్యాలయానికి దారి తీసే పై బడికి, ఎవరిని పంపాలో నిర్ణయించే రోజున మాత్రం ఆ ఖాళీ కనిపించేది. ఆ పై బడిలో చోటు ఏ పదిమందిలో ఒకరికో దొరికేది. మార్కులతో పాటు ఉపాధ్యాయుడు రాసే గుణగణాల నివేదిక కూడా లెక్కలోకి వచ్చేది. మతబోధకుల పిల్లలు ఎంత బాగా చదివినా గుమ్మం దగ్గరే ఆగిపోయిన సందర్భాలు కోకొల్లలు.

అదుపు ఇంట్లోకి ఎంత సున్నితంగా వచ్చేదో చెప్పే ముచ్చట ఒకటి తూర్పు జర్మన్లందరికీ తెలుసు. సాయంత్రం వార్తలకు ముందు టీవీలో గడియారం కనిపిస్తుంది కదా, దాని మీద ఉండేవి చుక్కలా గీతలా అని పంతులమ్మ పసిపిల్లల్ని అడిగేదట. తూర్పు చానెల్ గడియారం ఒక రకం, పశ్చిమ చానెల్‌ది ఇంకో రకం. బిడ్డ నోరు తెరిస్తే ఇంట్లో ఏ చానెల్ నడుస్తుందో తేలిపోతుంది. అందుకే ఏ మాట ఇంట్లో అనాలో, ఏ మాట బడిలో అనాలో ఆరేళ్ళ వయసుకే పిల్లలకు నేర్పేవారు. ఈ రెండు నాలుకల విద్య పాఠ్యప్రణాళికలో లేదు గానీ, అందరూ ఉత్తీర్ణులైన సబ్జెక్టు బహుశా ఇదొక్కటే.

ఇక పాఠ్యప్రణాళికలో ఉన్నది చూస్తే, అక్కడే ఈ కథ ముడి ఉంది. హిట్లర్‌ను ఎదిరించినవారి వారసత్వం తనదేనని ఆ రాజ్యం చెప్పుకుంది. ఆ రోజుల్లో అందరూ తలవంచుకుని నడుస్తుంటే తల ఎత్తిన కొద్దిమందిని పిల్లలకు ఆదర్శంగా చూపించింది. బడులకు వాళ్ళ పేర్లే పెట్టింది. శాంతి గొప్పదని, యుద్ధం నేరమని, కళ్ళెదుట అన్యాయం జరుగుతుంటే ఊరుకోవడం కూడా తప్పేనని పదేళ్ళపాటు బోధించింది. తూర్పు జర్మనీ చరిత్రలో బడి ఈడు పిల్లలు నిలదీసిన సందర్భాలు చాలావాటిని దగ్గరగా చూస్తే, ఆ పిల్లలు బయటి నుంచి అరువు తెచ్చుకున్న ఆయుధం ఏదీ కనిపించదు. బడి చెప్పిన పాఠాన్నే వాళ్ళు నిజమని నమ్మారు. ప్రభుత్వానికి మింగుడుపడనిది కూడా అదే. శత్రువు ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది. తన పాఠాన్నే తనకు అప్పజెప్పే విద్యార్థి ఎదురైతే ఏం చేయాలో ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు.

తొలి ఏళ్ళలో శిక్షలు దారుణంగా ఉండేవి. 1950 అక్టోబరులో దేశమంతటా ఒకే ఉమ్మడి జాబితాకు ఓటు వేయమని ఎన్నికలు పెట్టారు. సాక్సనీలోని ఓల్బర్న్‌హావ్ అనే చిన్న ఊళ్ళో హెర్మన్ యోజెఫ్ ఫ్లాడె అనే పద్దెనిమిదేళ్ళ విద్యార్థి దానికి వ్యతిరేకంగా సొంతంగా కరపత్రాలు తయారుచేసి రాత్రిపూట పంచాడు. పట్టుకోబోయిన పోలీసును చాకుతో గాయపరిచాడు. 1951 జనవరిలో కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. పశ్చిమాన నిరసనలు పెల్లుబికాక శిక్షను పదిహేనేళ్ళ జైలుగా మార్చారు, 1960లో విడుదలయ్యాడు. ఫ్లాడెది ఒంటరి పోరు, చేతిలో చాకు కూడా ఉంది. కనుక అతన్ని నేరస్థుడిగా చూపడం రాజ్యానికి కష్టం కాలేదు. 1956లో బ్రాండెన్‌బుర్గ్‌లోని ఒక తరగతి గదిలో జరిగినది అలా తేలలేదు.

బెర్లిన్‌కు ఆగ్నేయంగా ఉన్న చిన్న పట్టణం ష్టోర్కో. అక్కడి ఉన్నత పాఠశాలకు కుర్ట్ ష్టెఫెల్‌బావర్ పేరు పెట్టారు. ఆయన నాజీలను ఎదిరించి 1942లో మరణశిక్షకు గురైన ఉపాధ్యాయుడు. 1956 అక్టోబరు చివర్లో హంగరీలో సోవియట్ పెత్తనం మీద తిరుగుబాటు నడుస్తోంది. ఆ బడిలో ఆబిటూర్‌కు చదువుతున్న తరగతి పిల్లలు రియాస్ రేడియో రహస్యంగా వినేవారు. పశ్చిమ బెర్లిన్‌లో అమెరికన్లు నడిపే స్టేషను అది. హంగరీ ఫుట్‌బాల్ జట్టు నాయకుడు ఫెరెంట్స్ పుష్కాష్ పోరాటంలో చనిపోయాడని అందులో వార్త వచ్చింది. 1954 ప్రపంచ కప్పు ఫైనల్ చూసిన, విన్న జర్మన్ కుర్రాడెవడికీ పుష్కాష్ ఎవరో చెప్పనక్కర్లేదు. అక్టోబరు 29న చరిత్ర పాఠం జరుగుతుండగా ఆ తరగతి మొత్తం ఐదు నిమిషాలు నోరు మెదపలేదు. ఉపాధ్యాయుడు ప్రశ్న వేశాడు, జవాబు లేదు. ఇంకొకరిని అడిగాడు, అక్కడా లేదు. అంతే జరిగింది. నినాదం లేదు, కాగితం లేదు, ఎవరూ లేచి నిలబడలేదు.

నిజానికి పుష్కాష్ చనిపోలేదు. ఆ తర్వాత రియల్ మాడ్రిడ్‌కు ఆడి 2006 దాకా బతికాడు. వార్త తప్పు కావడం పిల్లలకు కొంత కలిసివచ్చింది కూడా. విచారణ మొదలయ్యాక, తాము నివాళి అర్పించినది ఒక ఆటగాడికి, ఇందులో రాజకీయం లేదు అని చెప్పుకునే వీలు దొరికింది. అమరులకు మౌనం పాటించడం బడే నేర్పింది. ప్రతి స్మారక దినాన నీలం చొక్కాలు వేసుకుని వరసగా నిలబడి పాటించినదే. ఎవరి కోసం పాటించాలో తామే ఎంచుకోవడం ఒక్కటే కొత్త.

జిల్లా అధికారులు వచ్చారు. పిల్లల్ని విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. డిసెంబరులో సాక్షాత్తూ విద్యామంత్రి ఫ్రిట్స్ లాంగె ఆ తరగతి గదిలోకి వచ్చాడు. ఆయన కూడా పాత కమ్యూనిస్టు, హిట్లర్ జైల్లో ఉండి వచ్చినవాడు. దేశం మొత్తం బడులను చూసుకోవలసిన మంత్రి ఒక చిన్న ఊరి తరగతి గదికి, ఐదు నిమిషాల నిశ్శబ్దం కోసం దిగి రావడమే ఆ నిశ్శబ్దం విలువ ఎంతో చెబుతుంది. ఆయనకు కావలసినది ఒకే పేరు. ఎవరు మొదలుపెట్టారు? నాయకుడెవడో తెలిస్తే మిగతావాళ్ళు తప్పుదారి పట్టిన అమాయకులవుతారు, క్షమించవచ్చు, తరగతి మళ్ళీ తరగతిలా ఉంటుంది. అధికారులు ఈ పద్ధతిలో ఆరితేరినవారు. గడువు పెట్టారు. ఎవరూ పేరు చెప్పలేదు. సమష్టి గొప్పది, ఒక్కరి కోసం అందరూ అని పదేళ్ళుగా నూరిపోసిన పాఠం ఇక్కడ అక్షరాలా అమలైంది.

ఆ తరగతి పిల్లలు దేశంలో ఏ బడిలోనూ ఆబిటూర్ రాయకుండా నిషేధం వేశారు. అప్పటికి బెర్లిన్ గోడ లేదు. అనుమానం తన మీదికి తిరగడంతో ఆ తరగతి విద్యార్థి డీట్రిష్ గార్‌స్ట్కా ముందే వెళ్ళిపోయాడు. క్రిస్మస్ సెలవుల్లో మిగతావారిలో చాలామంది అనుమానం రాకుండా చిన్న గుంపులుగా పశ్చిమ బెర్లిన్ చేరుకున్నారు. తల్లిదండ్రుల్ని, తమ్ముళ్ళను, చెల్లెళ్ళను వదిలి వెళ్ళిన పదిహేడు, పద్దెనిమిదేళ్ళవాళ్ళు వాళ్ళు. హెస్సె రాష్ట్రంలోని బెన్స్‌హైమ్‌లో వాళ్ళను ఒకే తరగతిగా కలిపి ఉంచి చదివించారు. 1958లో అక్కడే ఆబిటూర్ పూర్తి చేశారు. కొందరు అమ్మాయిలు ష్టోర్కోలోనే ఉండిపోయారు. వెళ్ళినవారి కథ పుస్తకమైంది, సినిమా అయింది. ఉండిపోయినవారి గురించి చెప్పుకునేది తక్కువ. ఇలాంటి కథలన్నిటిలోనూ ఉన్న లోపమిది. గార్‌స్ట్కా తన తరగతి గాథను 2006లో గ్రంథస్థం చేశాడు. దాని ఆధారంగా లార్స్ క్రౌమె తీసిన చిత్రం 2018లో విడుదలైంది.

1961 ఆగస్టు 13 తెల్లవారుజామున బెర్లిన్ నడుమ ముళ్ళకంచె లేచింది. ఆ తర్వాత అది గోడ అయింది. ఇక ప్రశ్న అడిగినవాడు రైలెక్కి వెళ్ళిపోలేడు, ప్రశ్నతోపాటు అక్కడే బతకాలి. శిక్షల తీరు కూడా మారింది. కోర్టు కంటే బడి నివేదిక, ఉద్యోగ రికార్డు, రాజ్య భద్రతా శాఖ, అంటే ష్టాజీ, సాగించే నిశ్శబ్దపు వేట ముఖ్యమయ్యాయి. ఆ శాఖలో 1989 నాటికి తొంభై ఒక్క వేల మంది దాకా పూర్తికాల ఉద్యోగులు, వారికి తోడు రెండు లక్షలకు కాస్త తక్కువగా రహస్య వార్తాహరులు ఉన్నారు. వార్తాహరుల్లో మైనర్లు కూడా ఉన్నారన్నది ఆ దస్త్రాలు బయటపెట్టిన చేదు నిజం.

మాట అంటే పట్టుకుంటారు కనుక మాటలేని ప్రశ్నలు పుట్టాయి. 1976 నవంబరులో గాయకుడు వోల్ఫ్ బీర్‌మాన్ పశ్చిమాన కచేరీకి వెళ్తే ప్రభుత్వం అతని పౌరసత్వం రద్దు చేసింది. యేనా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చదువుతున్న రోలాండ్ యాన్ తరగతి చర్చలో దీన్ని తప్పుపట్టాడు. తోటి విద్యార్థుల చేతే ఓటు వేయించి 1977లో అతన్ని చదువు మాన్పించారు. ఆ ఏటి మే డే ఊరేగింపులో అతడు ఏమీ రాయని తెల్ల అట్ట ఒకటి ఎత్తిపట్టుకుని నడిచాడు. చదవడానికి ఏమీ లేదు, చదవని వారూ లేరు. 1983లో అతన్ని బలవంతంగా రైల్లో వేసి తాళం పెట్టి పశ్చిమానికి పంపేశారు. 2011లో అదే మనిషి ష్టాజీ దస్త్రాల సంస్థకు అధిపతి అయ్యాడు.

శాంతి పాఠం ఎదురుతిరిగిన తీరు మరీ విచిత్రం. 1978లో తొమ్మిదో తరగతి నుంచి సైనిక శిక్షణను బడిలో పాఠ్యాంశం చేశారు. శాంతి గురించి పిల్లలకు అంత చెప్పిన రాజ్యం చేతికి తుపాకీ ఇవ్వడం చర్చిలకు, చాలామంది తల్లిదండ్రులకు నచ్చలేదు. 1980లో సాక్సనీ యువజన మతబోధకుడు హారల్డ్ బ్రెట్‌ష్నైడర్ ఒక బొమ్మను ఎంచుకున్నాడు: కత్తిని సుత్తితో కొట్టి నాగలి కర్రుగా మారుస్తున్న మనిషి. బైబిల్లోని ప్రవక్త మాటకు రూపమే అయినా, బొమ్మ చెక్కినవాడు సోవియట్ శిల్పి యెవ్గేనీ వుచేతిచ్. ఆ విగ్రహాన్ని 1959లో ఐక్యరాజ్యసమితికి కానుకగా ఇచ్చింది సోవియట్ యూనియన్. కాగితం మీద ఏది అచ్చువేయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. గుడ్డ మీద అచ్చు వేస్తే అది ముద్రణ కిందికి రాదు, వస్త్రాల మెరుగు కిందికి వస్తుంది. దానికి అనుమతి అక్కర్లేదు. హెర్న్‌హూట్‌లో ఆ బొమ్మను లక్ష దాకా గుడ్డ ముక్కల మీద అచ్చువేశారు. అధికార గణం అంతటికీ తట్టని సందు ఒక మతబోధకుడికి తట్టింది.

కుర్రకారు ఆ గుండ్రటి ముక్కను చొక్కా చేతికి, జాకెట్టుకు కుట్టుకుని బడికొచ్చారు. 1982 వసంతంలో ప్రభుత్వం దాన్ని అణచడానికి పూనుకుంది. సోవియట్ కానుకను సోవియట్ మిత్రదేశంలో ఎందుకు నిషేధించాలో ఏ ఉపాధ్యాయుడూ పిల్లలకు వివరించలేకపోయాడు. కొందరు కత్తెర పట్టారు. వీధుల్లో పోలీసులు పట్టుకుని పీకేయించారు. ఆ మర్నాటి నుంచి కొంతమంది కుర్రవాళ్ళు బొమ్మ కత్తిరించగా మిగిలిన గుండ్రటి కంతతోనే జాకెట్టు తొడుక్కుని తిరిగారు. కంతను నిషేధించడం ఎలాగో ఎవరికీ పాలుపోలేదు.

1988లో తూర్పు బెర్లిన్‌లోని పాంకో పేటలో ఈ ధోరణి పరాకాష్ఠకు చేరింది. ప్రభుత్వ పెద్దలు, దౌత్యవేత్తలు, కళాకారులు నివసించే పేట అది. అక్కడి పై బడికి కార్ల్ ఫాన్ ఒసియెత్స్కీ పేరు. జర్మనీ రహస్యంగా ఆయుధాలు సమకూర్చుకుంటున్న సంగతి తన పత్రికలో బయటపెట్టి జైలుకెళ్ళిన శాంతివాది, 1935 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి గ్రహీత, నాజీ నిర్బంధ శిబిరంలో చిత్రహింసలతో చితికి 1938లో కన్నుమూసిన మనిషి. బడి గోడ మీద పిల్లలు తమ అభిప్రాయాలు నిర్భయంగా రాసి అంటించడానికి ఒక చోటు ఏర్పాటు చేశారు. లండన్ హైడ్ పార్కులోని ఉపన్యాసాల మూలను గుర్తుచేసేలా దానికి ‘స్పీకర్స్ కార్నర్’ అని పేరు. సోవియట్ నేత గోర్బచేవ్ సంస్కరణల కాలం కదా, తామూ వెనకబడలేదని చూపించుకోవాలనుకున్నారు కాబోలు.

పిల్లలు ఆ మాట నమ్మారు. సెప్టెంబరు రెండో వారంలో ఇద్దరు విద్యార్థులు పోలండ్ సమ్మెల మీద, అక్కడి సాలిడారిటీ కార్మిక సంఘం మీద తమ ఆలోచనలు రాసి అంటించారు. ఒకటి రెండు రోజులకు కాయ్ ఫెల్లర్, ఫిలిప్ లెంగ్స్‌ఫెల్ట్ ఇంకో కాగితం పెట్టారు. ఏటా అక్టోబరు 7న జాతీయ దినోత్సవానికి జరిగే సైనిక కవాతు అవసరమా, దాన్ని మానుకుంటే శాంతికి మంచిది కదా అని అడుగుతూ, ఒప్పుకున్నవారు సంతకం చేయమని కోరారు. ముప్పై మందికి పైగా సంతకం చేశారు. అదే నెలలో ఫాసిజం బాధితుల స్మారక సభకు ఈ పిల్లల్లో కొందరు నయా నాజీలకు వ్యతిరేకంగా సొంతంగా రాసుకున్న అట్టలు పట్టుకెళ్ళారు. ఫాసిజాన్ని వేళ్ళతో సహా పెకలించామని చెప్పుకునే దేశంలో నయా నాజీలు ఉన్నారనడమే ఒక నేరం.

ఫిలిప్ లెంగ్స్‌ఫెల్ట్ నేపథ్యం ఈ కథకు పనికొస్తుంది. అతని తాత ష్టాజీ అధికారి. తల్లి వేరా ఆ ఏడాది జనవరిలోనే అరెస్టయింది. సోషలిస్టు విప్లవకారిణి రోజా లక్సెంబర్గ్ సంస్మరణ ఊరేగింపుకు ఆమె పట్టుకెళ్ళిన అట్ట మీద ఉన్నది ఆ దేశపు రాజ్యాంగంలోని 27వ అధికరణం: అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పే హక్కు. వామపక్ష సాహిత్యం చదివిన తెలుగువారికి లక్సెంబర్గ్ పరిచితురాలే. స్వేచ్ఛ అనేది భిన్నంగా ఆలోచించేవారికి దక్కితేనే స్వేచ్ఛ అన్న ఆమె భావాన్ని ఆమె సంస్మరణ సభలోనే ప్రదర్శించబోయినందుకు ఆ రోజు చాలామందిని పట్టుకెళ్ళారు. మూడు తరాల్లో ఒక కుటుంబం భద్రతా శాఖ నుంచి బడి గోడ దాకా నడిచింది. నిలదీసిన పిల్లలు శత్రు కుటుంబాల్లో పుట్టలేదు.

పాంకోలో కూడా అడిగింది ఒక్కటే: దీని వెనక ఎవరున్నారు? సంతకం చేసినవారిని ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడారు. ఎక్కువమంది సంతకం వెనక్కి తీసుకున్నారు. వాళ్ళను పిరికివాళ్ళనడం సులువు, న్యాయం కాదు; విశ్వవిద్యాలయం సీటు, తల్లిదండ్రుల ఉద్యోగం, రెండూ ఆ పేరు పక్కన తూగుతున్నాయి. మిగిలినవారిని ముందు యువజన సంఘం నుంచి తొలగించారు. సహపాఠులే చేతులెత్తి ఓటు వేశారు. 1963 నుంచి విద్యామంత్రిగా ఉన్న మార్గోట్ హోనెకర్, దేశాధినేత భార్య, ఈ వ్యవహారాన్ని స్వయంగా పట్టించుకుంది. సెప్టెంబరు 30న బడి మొత్తాన్ని సభామందిరంలో నిలబెట్టి పేర్లు పిలిచారు. పిలిచినవారు ఒక్కొక్కరే ముందుకు వచ్చి శిక్ష విని, అందరి ఎదుటా బయటికి నడవాలి. నలుగుర్ని బహిష్కరించారు, ఇద్దర్ని వేరే బడులకు మార్చారు, ఇంకొందరిని మందలించారు. మందిరంలో ఎవరూ నోరెత్తలేదు. ష్టోర్కోలో పిల్లల మౌనం, పాంకోలో పిల్లల మౌనం ఒకటి కావు. ఈ రెండో మౌనాన్ని అక్కడ నిలబడి ఉన్నవారు తర్వాత ఏళ్ళ తరబడి మోశారు.

ఈ వార్త చర్చిల ద్వారా, పశ్చిమ రేడియో, టీవీల ద్వారా దేశమంతా పాకింది. ఎన్నో ఊళ్ళ చర్చిల్లో సంఘీభావ ప్రార్థనలు జరిగాయి. పిల్లలు అడిగినది మరీ చిన్న విషయం కావడంతో, ఇంత చిన్న ప్రశ్నకే ఇంత శిక్షా అని, అంతవరకు రాజకీయాలు పట్టని తల్లిదండ్రులు కూడా ఆలోచనలో పడ్డారు. ఇక్కడ పశ్చిమ దేశాల వ్యాఖ్యాతలు తరచు పొరబడ్డారు. ఆ పిల్లల్లో చాలామందికి పశ్చిమ జర్మనీలా కావాలన్న కోరిక లేదు. పుస్తకంలో రాసి ఉన్న సోషలిజం కావాలన్నారు. 1989 శరదృతువులో వీధుల్లోకి వచ్చిన జనంలో కూడా మొదటి వారాల్లో వినిపించిన స్వరం అదే. గోడ పడ్డాక గొంతుల మేళవింపు మారింది, అది వేరే చరిత్ర.

1989 నవంబరు మొదట్లో మార్గోట్ హోనెకర్ పదవి పోయింది. అదే రోజుల్లో పాంకో విద్యార్థుల బహిష్కరణను రద్దు చేశారు. ఫిలిప్ అప్పటికే ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చదువుతున్నాడు. తర్వాత భౌతికశాస్త్రం చదివి, 2013లో జర్మన్ పార్లమెంటు సభ్యుడయ్యాడు. దేశం ఒకటయ్యాక 1991 చివర్లో వచ్చిన చట్టంతో ఎవరి ష్టాజీ దస్త్రం వారు చదువుకునే హక్కు లభించింది. బడిలో తమ గురించి ఎవరు ఏమి రాశారో నాటి విద్యార్థులు అప్పుడు చూశారు.

రాజకీయ కారణాలతో చదువు, వృత్తి పోగొట్టుకున్నవారి కోసం 1994లో వచ్చిన వృత్తి పునరావాస చట్టం ‘పీడిత విద్యార్థులు’ అని ఒక ప్రత్యేక వర్గాన్ని గుర్తించింది. బడి నుంచి గెంటేసినందువల్ల డాక్టరో ఇంజనీరో కావలసినవారు ఫ్యాక్టరీలో, శ్మశానంలో, తోటపనిలో ఏళ్ళు గడిపారని ఆ చట్టం ఒప్పుకున్నట్టే. ఉద్యోగం పోయినవారికి పింఛనులో ఆ లోటు పూడ్చారు. పీడిత విద్యార్థులకు ఆ లెక్క వర్తించలేదు, ఎందుకంటే వారికి అసలు ఉద్యోగమే రాలేదు, పోయినదాన్ని కొలవడానికి జీతం లేదు. వారికి ప్రధానంగా దక్కినది ఆగిపోయిన చదువును కొనసాగించడానికి వయోపరిమితి లేని విద్యార్థి సహాయం. చట్టం వచ్చేనాటికి యాభైల నాటి విద్యార్థులు అరవైకి దగ్గరపడుతున్నారు.